అరుపుల పరీక్ష

ఆ రోజు పొద్దున బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందరాళే ఆఫీసుకు వెళ్లాలి. సర్వర్లలో ఒక్కదాన్ని మాత్రం కొత్త పద్ధతిలోకి మార్చి, అది బాగానే నడుస్తోందని చూసుకోవాలి. సాయంత్రం రైలు వేళకు భార్యతో కలిసి స్టేషన్లో ఉండాలి. మిగతా సర్వర్ల సంగతి సెలవు అయిపోయి తిరిగొచ్చాక నింపాదిగా చూసుకోవచ్చు. ఇందులో అత్యాశ ఎక్కడుందో దీపం పెట్టి వెతికినా దొరకదు.

బాబాయి అన్నది ఆయన పేరు కాదు, ఆఫీసులో అందరూ అలా పిలుస్తారు. అలా పిలిచిన ప్రతివాడూ మరుక్షణమే ఏదో ఒక పని చెబుతాడు కనుక ఆ పిలుపు వింటే ఆయనకు ఆప్యాయత కన్నా ముందు భయం కలుగుతుంది. ఆయన పనిచేసేది పరుపులు తయారుచేసే కంపెనీలో. ఊరందరికీ నిద్ర అమ్మే ఆ కంపెనీలో నిద్రకు నోచుకోని మనిషి ఆయన ఒక్కడే. ఎందుకంటే సర్వర్లు చూసేది ఆయన ఒక్కడే.

భార్యతో కలిసి సముద్రం చూడాలని ఆయన చాలాకాలంగా అనుకుంటున్నాడు. అనుకోవడమే కాదు, బయలుదేరాడు కూడా. ఒకసారి సగం దారిలో రైలు దిగి వెనక్కి వచ్చాడు. ఇంకోసారి సముద్రం దాకా చేరాడు కానీ, ఒక కాలు ఒడ్డునా ఒక కాలు పడవలోనూ ఉండగా జేబులో ఫోన్ మోగింది. పడవవాడు ఆయన్ని వదిలేసి వెళ్లిపోయాడు. భార్య ఒక్కతే షికారు చేసి వచ్చింది. అవతలి దీవి చాలా బాగుందని ఆవిడ చెబితే ఆయన విన్నాడు.

అందుకే ఈసారి ఆవిడ ముందే తేల్చి చెప్పింది. పెట్టెలు రెండూ గుమ్మం పక్కన పెట్టి, నడుం మీద చేయి వేసుకుని, "చూడండి, ఇన్నాళ్లూ మీరు వస్తారనుకుని ఊరెళ్లాను. ఈసారి మీరు వచ్చినా రాకపోయినా వెళ్తాను. రాకపోతే ఇంక మిమ్మల్ని ఎప్పుడూ అడగను" అంది. ఆవిడ అరిచి ఉంటే ఆయన పట్టించుకునేవాడు కాదేమో. మెల్లగా అంది. అరుపుల మధ్య బతికే మనిషికి మెల్లగా అన్న మాటే గుండెల్లో దిగుతుంది.

ఆఫీసు బేస్‌మెంట్‌లో సర్వర్ల గది. అందులో ఉన్న పెట్టెలు నిజానికి కొన్నే. కానీ ఒకే ఇంట్లో తడికెలు కట్టి నాలుగైదు కాపురాలు పెట్టినట్టు, ఒక్కో పెట్టెలో బోలెడన్ని వర్చువల్ మెషీన్లు కాపురం ఉంటాయి. ఆర్డర్లు తీసుకునేది ఒకటి, బిల్లులు వేసేది ఒకటి, గోడౌన్ సరుకు చూసేది ఒకటి. ఏ మెషీన్‌కు ఆ మెషీన్ ఇల్లంతా తనదే అనుకుంటుంది. ఇంతకాలం ఆ ఇంటికి కాపలావాడు, మేస్త్రీ, నీళ్లు తోడేవాడు అన్నీ బాబాయే. ఇప్పుడు దాన్నంతా మేనేజ్డ్ ప్రైవేట్ క్లౌడ్‌గా మారుస్తున్నారు. పేరులో మబ్బు ఉందని పెట్టెలేమీ ఎగిరిపోవు. ఇల్లు అదే, కాపురాలూ అవే. కుళాయి కారినా గోడ బీటలిచ్చినా ఇకమీదట ఒక బయటి కంపెనీవాళ్లు చూసుకుంటారు. బాబాయి పడుకోవచ్చు.

ఆ బయటి కంపెనీ పంపిన ఇంజనీరు బాబాయికి స్వయానా బావమరిది, భార్యకు తమ్ముడు. అది కేవలం కాకతాళీయం. ఆ మాట ఆఫీసులో ఒక్కరూ నమ్మలేదు కాబట్టి బాబాయి చెప్పడం మానేశాడు. బావమరిది చురుకైనవాడే. ఎంత చురుకంటే, ఒక పని పూర్తయ్యేలోపు రెండో పని మొదలుపెట్టి, మొదటిది పూర్తయిందనుకుంటాడు.

ఇక్కడ ఆఫీసువారి ఆచారం ఒకటి చెప్పాలి. ఒకప్పుడు కంప్యూటర్ కాస్త నెమ్మదించినా జనం మెట్లు దిగి వచ్చి సర్వర్ల గది ముందు క్యూ కట్టేవారు. వాళ్లకు సమాధానం చెప్పడంలోనే పొద్దు గడిచిపోయేది. ఆ బాధ పడలేక బాబాయే వెళ్లి కంపెనీ పెద్దాయన కాళ్లావేళ్లా పడి ఒక ఉత్తర్వు వేయించుకున్నాడు. ఎవరూ బేస్‌మెంట్‌లోకి దిగరాదు. ఫోన్ చేయరాదు. ఏ కష్టమొచ్చినా కంప్యూటర్‌లో ఫిర్యాదుల పేజీ తెరిచి అందులో రాయాలి. రాయగానే "మీ ఫిర్యాదు అందింది, దయచేసి ఎదురుచూడండి" అని వస్తుంది. ఆ ఫిర్యాదు ఆఫీసులో ఉంటే వైఫై మీద, బయట ఉంటే మామూలు సిగ్నల్ మీద బాబాయి ఫోన్‌కు చేరి మోగుతుంది. బేస్‌మెంట్‌లో మామూలు సిగ్నల్ రాదు కనుక అక్కడ ఆ ఫోన్‌కు ఇంకో పని కూడా లేదు. పెద్దాయన ఆ ఉత్తర్వును ఎంత గట్టిగా అమలు చేయించాడంటే, ఎదురుచూడటం ఆ ఆఫీసువాళ్ల రక్తంలో కలిసిపోయింది.

బావమరిది పొద్దున్నే వచ్చి మెషీన్ల పట్టిక తెరిచాడు. కొత్త పద్ధతిలో ప్రతి మెషీన్‌కూ ఒక యజమాని ఉండాలి. ఎవరి పని కోసం అది నడుస్తోందో వాళ్ల పేరు రాయాలి. ఆర్డర్లది అమ్మకాలవాళ్లది, బిల్లులది అకౌంట్స్ మేడమ్‌ది, సరుకుది గోడౌన్ ఇన్‌చార్జ్‌ది. గబగబా రాసుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

"బావా, ఈ 'తాత్కాలికం-2' ఎవరిది?"

"తెలీదు."

"ఏం చేస్తుంది?"

"నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అదే ఆలోచిస్తున్నా" అన్నాడు బాబాయి.

నిజమే. ఆ మెషీన్ మీద ఆయనకున్న కుతూహలం ఇంతా అంతా కాదు. అది ఆయన కన్నా ముందే ఉంది. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. తాత్కాలికం-1 ఏమైపోయిందో అసలే తెలియదు. ఆయనకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న మనిషి ఉద్యోగం మానేసి పూలమొక్కలు పెంచుకుంటున్నాడు. ఒకసారి పనిగట్టుకుని వెళ్లి అడిగితే, మొక్కకు నీళ్లు పోస్తూనే, "దాన్ని ముట్టుకోకు" అన్నాడు. ఎందుకని అడిగితే గులాబీల గురించి చెప్పాడు.

ఆ మెషీన్ ఎప్పుడూ నిద్రపోతున్నట్టే ఉండేది. అప్పుడప్పుడూ మాత్రం ఒక్క క్షణం కదిలేది. తెర మీద దాని గీత చిటికెడు లేచి పడేది. ఆ కదలిక ఏమిటో కనిపెట్టాలని బాబాయి ఎన్నోసార్లు రెప్ప వేయకుండా కూర్చున్నాడు. కానీ ఖర్మ కాలి, గీత లేచిన ప్రతిసారీ సరిగ్గా అప్పుడే ఎవరిదో ఫిర్యాదు వచ్చి ఫోన్ మోగేది. దాన్ని చూసి తల ఎత్తేసరికి గీత పడిపోయేది. పాడు ఫోన్ వల్లే ఈ రహస్యం తేలడం లేదని ఆయన చాలాసార్లు విసుక్కున్నాడు.

"దీనికి మా కంపెనీలో ఒక పద్ధతుంది" అన్నాడు బావమరిది, కుర్చీ దగ్గరకు జరుపుకుంటూ. "అరుపుల పరీక్ష అంటాం. ఎవరిదో తెలీని మెషీన్‌ని ఆపేసి, చెవులు రిక్కించి కూర్చుంటాం. దానితో అవసరం ఉన్నవాడు ఎక్కడో ఒకచోట అరుస్తాడు. అరిచినవాడే యజమాని. ఎవడూ అరవకపోతే దానితో ఎవడికీ పని లేదన్నమాట."

బాబాయికి చేయి రాలేదు. ఇన్నేళ్లు కాపాడుకొచ్చిన దాన్ని, ఎందుకు కాపాడాడో తెలియకపోయినా, ఒక్క నొక్కుతో ఆపడమంటే ఎలాగో అనిపించింది. కానీ కుతూహలం చెప్పులో రాయి లాంటిది, నడవనివ్వదు, నిలవనివ్వదు. ఇవాళ తేలకపోతే ఇక ఎప్పటికీ తేలదు. ఫోన్‌ను బల్ల మీద ఎదురుగా పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని, ఆపు అన్న బటన్ నొక్కేశాడు. తాత్కాలికం-2 పక్కనున్న పచ్చ చుక్క బూడిదరంగులోకి మారింది.

ఇద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. ఫోన్ మోగలేదు. కాసేపు చూసి మళ్లీ చూశారు. అప్పుడూ మోగలేదు.

"చూశావా, ఎవడికీ పట్టలేదు" అన్నాడు బావమరిది. బాబాయికి ఒకపక్క సంతోషం, మరోపక్క చిన్న నిరాశ. ఇంతకాలం ఇంత పెద్ద రహస్యం అనుకున్నది ఉత్త గాలి అని తేలింది కదా. కొండను తవ్వితే ఎలుక కూడా దొరకలేదు.

ఆ తరువాత అనుకున్న ప్రకారం ఒక మెషీన్‌ను, అంటే గోడౌన్ సరుకు చూసేదాన్ని, కొత్త పద్ధతిలోకి మార్చారు. మామూలుగా ఇలాంటి పని జరిగితే ఫోన్ బల్ల మీద గంతులు వేయాలి. వేయలేదు. బాబాయి ఆశ్చర్యపోయాడు. అంతలో ఇంటర్‌కమ్ మోగింది. ఆ నంబరు ఉన్నది పై అంతస్తులో పెద్దాయన గదికి ఒక్కదానికే. ఆయన గదిలో గోడ మీద ఒక బోర్డు ఉంటుంది, బాబాయికి చేరిన ఫిర్యాదులెన్నో అది ఎప్పటికప్పుడు చూపిస్తూ ఉంటుంది. పెద్దాయన ఆఫీసును కిటికీలోంచి కాక ఆ బోర్డులోంచే చూస్తాడు.

"సున్నా ఉందయ్యా" అన్నాడు పెద్దాయన. "ఆ బోర్డు మీద సున్నా ఇన్నేళ్లలో చూళ్లేదు. చెడిపోయిందేమోనని తట్టి కూడా చూశాను. ఇంత బాగా జరుగుతుంటే ఒక్కదానితో ఆపడమెందుకు, మొత్తం కానివ్వండి."

ఆయన ఆ మాట అనడమే ఆలస్యం, బావమరిది చొక్కా చేతులు పైకి మడిచాడు. వద్దు వద్దని బాబాయి రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనేలోపు బిల్లుల మెషీన్ మారిపోయింది. ఫోన్ చూస్తే నిమ్మకు నీరెత్తినట్టు పడుకుని ఉంది. ఆ నిశ్శబ్దం చూస్తుంటే ధైర్యం దానంతటదే వచ్చింది. ఇద్దరూ కలిసి ఆర్డర్ల మెషీన్ కూడా మార్చేశారు. ఆర్డర్ వస్తే పరుపు మీద అంటించే లేబుల్ సరిగా అచ్చవుతోందో లేదో చూడటానికి బావమరిది ఏదో పరీక్షా చిరునామా కొట్టాడు. గోడౌన్లో లేబుల్ అచ్చయినట్టు తెర మీద కబురొచ్చింది. భేష్ అనుకుని తరువాతి దాని మీదికి ఎగబాకాడు.

మధ్యాహ్నం బాబాయి క్యారియర్ విప్పాడు. చాలా ఏళ్ల తరువాత ఆయన ఆఫీసులో అన్నం చల్లారకముందే తిన్నాడు. తిన్నాక ఏం చేయాలో తెలియలేదు. కుర్చీలో వెనక్కి వాలి, పైకప్పు వంక చూస్తూ, ఇదేనన్నమాట సుఖం అంటే అనుకున్నాడు. అనుకున్న కాసేపటికే అది ఎక్కడో గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఒక్కరు కూడా పిలవలేదే. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుపోయినా బాబాయ్ అనే అమ్మకాల విభాగం ఏమైపోయింది? అంకె అటూఇటూ అయితే అల్లల్లాడిపోయే అకౌంట్స్ మేడమ్ ఏం చేస్తోంది? తను లేకపోతే కంపెనీ నడవదని ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు కానీ, లోపల గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకంతోనే రైళ్లు దిగాడు, పడవలు వదులుకున్నాడు. తీరా చూస్తే తను తప్పుకోగానే అంతా చక్కగా నడుస్తోంది. ఆయనకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది. ఫోన్ ఎత్తి చూసుకున్నాడు, ఛార్జింగ్ ఉంది. కుదిపి చూశాడు, బాగానే ఉంది.

"ఏం బావా, మోగకపోయినా బాధేనా?" అన్నాడు బావమరిది.

ఇంత మంచి రోజు మీద బాబాయికి అనుమానం పుట్టింది. ఎన్నడూ చేయని పని ఒకటి చేశాడు. తన కంప్యూటర్‌లో ఫిర్యాదుల పేజీ తెరిచి, "ఇది పరీక్ష మాత్రమే" అని రాసి నొక్కాడు. "మీ ఫిర్యాదు అందింది, దయచేసి ఎదురుచూడండి" అని వచ్చింది. చాలా మర్యాదగా ఉందే అనుకుని ఎదురుచూశాడు. బావమరిదితో ఏదో కబుర్లాడుతూ ఇంకా ఎదురుచూశాడు. ఆ ఫిర్యాదు అందుకోవలసింది తనేనని, తనకింకా అందలేదని ఆయనకు తట్టడానికి కొంత సేపు పట్టింది.

గీత లేచినప్పుడల్లా ఫోన్ మోగడం, ఫోన్ మోగినప్పుడల్లా గీత లేవడం, ఇన్నేళ్ల విసుగూ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. రాసిన ఫిర్యాదును పేజీ దగ్గర అందుకుని, ఆయన ఫోన్ దాకా మోసుకొచ్చి, మోగించి పోవడమే తాత్కాలికం-2 చేసే పని. జీవితమంతా అదొక్కటే పని. అరుపులు వినడానికని వాళ్లు ఆపింది అరుపులు మోసే మెషీన్‌నే.

బాబాయి గబుక్కున దాన్ని మళ్లీ నడిపించాడు. చుక్క పచ్చబడింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తరువాత బల్ల మీది ఫోన్ మోగింది. మోగి, ఆగకుండా, అక్కడే గిరగిరా తిరిగి, బల్ల అంచు దాకా పాకి కింద పడింది. కింద పడి కూడా మోగుతూనే ఉంది.

ఇద్దరూ నేల మీద చతికిలపడి ఫిర్యాదులు చదివారు. మొదట్లోవి మామూలువి, ఇది తెరుచుకోవడం లేదు, అది కనపడటం లేదు అని. పోనుపోను వేడెక్కాయి. అకౌంట్స్ మేడమ్, "బాబాయ్, అన్ని బిల్లుల మీదా ఒకే అడ్రసు వస్తోంది" అని రాసింది. తరువాత "ఎదురుచూస్తున్నాం" అని రాసింది. తరువాత "ఎదురుచూస్తూనే ఉన్నాం". తరువాత "ఎదురుచూసి ఎదురుచూసి అందరం క్యాంటీన్‌కి వెళ్తున్నాం". అమ్మకాలవాళ్ల భాష ఇక్కడ రాయదగినది కాదు.

అన్నిటికన్నా పద్ధతిగా రాసింది గోడౌన్ ఇన్‌చార్జ్. ఆయన అక్షరం పొల్లు పోనివ్వని మనిషి, లేబుల్ మీద ఏ చిరునామా ఉంటే సరుకు అక్కడికే. ఇవాళ్టి లేబుళ్లన్నీ ఒకే చిరునామాతో అచ్చవుతున్నాయని, ఇది ఉద్దేశపూర్వకమేనా అని మొదట అడిగాడు. ఫిర్యాదు అందిందని జవాబొచ్చింది కానీ కాదని ఎవరూ చెప్పలేదని రెండోసారి రాశాడు. మూడోసారి, "మౌనం అర్ధాంగీకారంగా భావించి లారీలు పంపుతున్నాను" అని రాసి, కింద ఆ చిరునామా కూడా పొందుపరిచాడు.

బాబాయి ఆ చిరునామా చదివాడు. వీధి తెలిసిన వీధే. మేడ తెలిసిన మేడే. రెండో అంతస్తు, ఎడమ చేతివైపు తలుపు.

ఆయన మెల్లగా తల తిప్పి బావమరిది వంక చూశాడు. వాడు తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉన్నాడు.

"పరీక్షకి ఏదో ఒక అడ్రసు కావాలి కదా బావా. నాకు నోటికొచ్చిన అడ్రసు అక్కది ఒక్కటే" అన్నాడు. "తీసేదాకా అన్ని ఆర్డర్లకీ అదే పడుతుంది. తరవాత తీసేద్దామనుకున్నా. ఈలోపు పక్క మెషీన్ మొదలెట్టా."

ఆ చిరునామా తీసేయమని వాడికి చెప్పి బాబాయి పరుగు తీశాడు. మెట్లెక్కి పైకి రాగానే సిగ్నల్ దొరికి ఫోన్ మళ్లీ మోగింది. ఈసారివి భార్య చేసి, అందక వదిలేసిన పిలుపులు. వాటిని లెక్కపెట్టే ధైర్యం ఆయనకు లేకపోయింది. తిరిగి ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తలేదు, వేరే కాల్‌లో ఉన్నారని వినిపించింది. పెట్టె పట్టుకుని పుట్టింటికి బయలుదేరి ఆటోవాడితో మాట్లాడుతోందేమో అనుకున్నాడు. ఆయనకు లారీలు గుర్తు లేవు, ఉద్యోగం గుర్తు లేదు. పొద్దున ఆవిడ మెల్లగా అన్న మాట ఒక్కటే చెవిలో వినిపిస్తోంది.

వీధి మొదట్లోనే సంగతి అర్థమైంది. లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. మేడ కింద పరుపులు, మెట్ల మీద పరుపులు, నిలబెట్టిన పరుపులు, పడుకోబెట్టిన పరుపులు. ఇరుగుపొరుగు పిల్లలు కింది పరుపుల మీద ఎగురుతున్నారు. ఒక ముసలాయన మాత్రం మూలనున్న మెత్తటి పరుపు చూసుకుని ప్రశాంతంగా నిద్రపోతున్నాడు. బాబాయి పరుపుల మీద పాకుతూ, దొర్లుతూ రెండో అంతస్తు చేరాడు.

గుమ్మం ముందు పరుపుల గుట్ట మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. గుట్ట ఎత్తుకు ఆయన కాళ్లు నేలకు అందడం లేదు, చేతిలో టీ గ్లాసు ఉంది. కొత్తగా తెరవబోయే హోటల్ తాలూకు మనిషి తన పరుపులు ఏవని ఫోన్లో గద్దిస్తే, బోర్డు మీద సున్నా ఉండగా ఇదేమిటని గోడౌన్‌ను అడిగి, చిరునామా పట్టుకుని ఆయనే స్వయంగా వచ్చాడట. ఇంటి లోపల బాబాయి భార్య నేల మీద కూర్చుని, ఒడినిండా పరుపుల సంచుల్లోంచి తీసిన చీటీలు పెట్టుకుని, ఫోన్లో ఎవరికో గట్టిగా దారి చెబుతోంది. లేబుల్ మీద అడ్రసు తప్పయినా, లోపలి చీటీలో కొన్నవాళ్ల ఫోన్ నంబరు అలాగే ఉంది.

ఆవిడ ఫోన్ పెట్టేసి మొగుణ్ణి చూసింది. తిట్టలేదు. దాంతో ఆయనకు మరీ భయమేసింది.

"మొదటి పరుపు వచ్చినప్పుడు మీరే పంపారనుకున్నా" అంది. "మన పరుపు గుంటలు పడిందని ఎన్నాళ్లనుంచో అంటున్నాగా. ఊరెళ్లే రోజున చెప్పకుండా పంపారని, కాసేపు దానిమీద కూచుని ఏడ్చాను కూడా."

బాబాయికి తల కొట్టేసినట్టయింది. పరుపుల కంపెనీలో ఇన్నేళ్లు పనిచేస్తూ, ఇంటికి ఒక పరుపు తేవాలన్న ఆలోచన తనకు ఒక్కనాడూ రాలేదు. యంత్రం పొరపాటున చేసిన మంచి తను పొరపాటున కూడా చేయలేదు. అది తను పంపింది కాదని చెప్పడానికి నోరు రాలేదు, పంపానని అబద్ధమాడటానికీ రాలేదు.

మిగిలిన కథ ఆవిడే చెప్పింది. రెండో పరుపు రాగానే చుట్టాలొస్తే పనికొస్తుందనుకుంది. అయిదారు వచ్చేసరికి మొగుడి ఉద్యోగం ఊడిందని, జీతానికి బదులు కంపెనీవాళ్లు సరుకు పంపుతున్నారని నిశ్చయించుకుంది. ఆ మాట ఎదురింటావిడతో అంటే, ఆవిడ ఓదార్చి, ఒకటి తనకు చవగ్గా ఇమ్మని అడిగింది. ఆ తరువాత రెండో లారీ వచ్చింది. గుమ్మం మూసుకుపోయింది. ప్రయాణం పెట్టెలు లోపల ఉండిపోయాయి, బయటికి తేవడానికి దారి లేదు. అప్పుడు ఆవిడకు ఒళ్లు మండింది. కంపెనీ మునిగినా తేలినా తన రైలు తనకు కావాలి. ఒక్కో సంచీ విప్పి, చీటీ చూసి, కొన్నవాళ్లకు ఫోన్ చేసి, లారీవాళ్లను పేరుపేరునా గదమాయించి, పరుపులను ఒక్కొక్కటే గుమ్మంలోంచి సాగనంపడం మొదలుపెట్టింది. పెద్దాయన వచ్చేటప్పటికి సగం వీధి ఖాళీ అయింది. హోటల్ లారీని ఆయన ఎదుటే పంపించింది. అడ్డం పడకుండా పక్కకి కూర్చోమని ఆయనకు కూడా చెప్పింది. ఆ చెప్పిన చోటే ఆయన ఇప్పటిదాకా కూర్చున్నాడు.

బాబాయి చేతులు కట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు. తప్పు నాదే, రాజీనామా ఇస్తానన్నాడు.

"రాజీనామా ఎందుకయ్యా, మీ సర్వర్లు ఇకనుంచి మీ బావమరిది కంపెనీవాళ్లే చూస్తారుగా" అన్నాడు పెద్దాయన టీ తాగుతూ. "నేను వచ్చింది దానికి కాదు. మొదట తిడదామనే వచ్చాను. ఇక్కడ కూర్చుని ఈవిడ పని చూశాక మనసు మారింది." ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, మా డెలివరీల పని మీరు చూడాలి. ఆఫీసుకి రానక్కర్లేదు, ఫోన్లో చాలు" అన్నాడు.

"ముందు మా రైలు సంగతి చూడండి" అందావిడ.

పెద్దాయన పరుపుల మీంచి కిందికి దిగి, పెట్టెలు మోయడానికి లారీ డ్రైవర్‌ను పిలిచి, స్టేషన్‌కు తన కారే ఇచ్చాడు. డెలివరీల మాటకు ఆవిడ చూద్దామంది. చూద్దామనడం ఆవిడ భాషలో సరేననడమేనని బాబాయికి తెలుసు. అయినా ఆ క్షణంలో పట్టించుకోలేదు. రైలు అందింది. పక్కన భార్య ఉంది. జేబులో ఫోన్ నోరు మూసుకుని ఉంది. బావమరిది ఏం చేశాడంటే, తాత్కాలికం-2కు యజమాని అన్నచోట సిగ్గుతో తన పేరే రాసుకుని, ఫిర్యాదులన్నీ ఇకమీదట తన ఫోన్‌కే వచ్చేట్టు మార్చాడు. మేనేజ్డ్ అంటే అదేనట.

రైలు కదిలింది. కిటికీలోంచి గాలి వస్తోంది. బాబాయికి మొదటిసారి ప్రయాణం ప్రయాణంలా అనిపించింది. పొలాలు, దీపాలు వెలుగుతున్న ఇళ్లు, ఇవన్నీ ఇంతకుముందు కూడా ఇక్కడే ఉన్నాయా అని వింతగా చూశాడు. మనసులో ఉన్న మాట ఇప్పుడైనా చెప్పాలనిపించి, "ఆ పరుపు..." అని మొదలుపెట్టాడు.

ఫోన్ మోగింది. ఆయన చేయి అలవాటుగా జేబు మీదికి పోయింది. కానీ మోగింది ఆయనది కాదు.

"ఆ, చెప్పండి" అంది ఆవిడ. "లారీ ఎక్కడుంది? అక్కడే ఆపండి. చీటీ చదవండి." ఫోన్ చెవికి పెట్టుకునే లేచి, సిగ్నల్ బాగా వచ్చే తలుపు దగ్గరికి నడిచింది. ఎవరని బాబాయి సైగ చేశాడు. మీకు చెప్పినా అర్థం కాదు, మీరు తినెయ్యండి అని ఆవిడ సైగ చేసింది.

ఆయన ఒక్కడే అన్నం పొట్లం విప్పుకున్నాడు. ఎదురు సీటువాళ్లు జాలిగా చూశారు. ఇన్నేళ్లు ఇటువైపు కూర్చున్న మనిషికి ఎలా ఉండేదో ఆయనకిప్పుడు పూర్తిగా తెలిసింది. ఆవిడ అటు ఒక్కసారి కూడా తిరగకుండా, రెండో లారీతో మాట్లాడుతోంది. తరువాతి స్టేషన్ వచ్చింది, పోయింది. అన్నం చల్లారింది. బాబాయికి గట్టిగా ఒక ఫిర్యాదు చేయాలనిపించింది. కానీ ఫిర్యాదులన్నీ ఇప్పుడు ఆవిడ తమ్ముడికి వెళుతున్నాయి.